కంపెనీ దూది

"మా ఇంట్లో హీటరేంటికబ్బా, సర్దార్ బీ ఉండాది గదా!"

నబీ రసూల్ ఆ మాట అనగానే, శుక్రవారం బిర్యానీకి వచ్చిన కంపెనీవాళ్ళు నలుగురూ పగలబడి నవ్వారు. ప్లేట్లు తీస్తున్న సర్దార్ బీ కూడా నవ్వింది. నలుగురిలో మొగుడి మాటకు నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు, నవ్వితే సరదా మనిషంటారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఎప్పుడు నవ్వాలో ఆమెకు బాగానే అలవాటైంది. ఆ వచ్చినవాళ్ళకు తెలియనిదేమిటంటే, అది సరదాకి అన్న మాట కాదు. ఉన్న మాటే అన్నాడు.

చలికాలం వచ్చిందంటే రాత్రి ఎనిమిదికి ఆమెకు ఇంకో పని పడుతుంది. నబీ రసూల్ తెల్లారి నాలుగున్నరకు ఏసీ కంపెనీ బస్సెక్కాలి, అందుకని పెందలాడే పడుకుంటాడు. పడుకునేసరికి పక్క చల్లగా ఉండకూడదు. గిన్నెలు కడిగి, మర్నాటి క్యారియర్‌కు కూర చేసిపెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఆమె ముందు ఆయన వైపు ఎక్కి పడుకుంటుంది. దూది బొంత గడ్డం దాకా లాక్కుని, కాళ్ళు ముడుచుకుని, తన ఒంట్లో ఉన్న వేడి ఆ పరుపుకు పట్టేదాకా కదలకుండా ఉంటుంది. ఆయన జాకెట్ తొడుక్కుని కుర్చీలో కూర్చుని ఫోన్లో వీడియోలు చూస్తుంటాడు. పావుగంట కాగానే, అన్నం ఉడికిందా అని అడిగినట్టు, "అయిందా?" అంటాడు. "ఆఁ, అయింది" అంటుంది. "సరే, జరుగు" అంటాడు. ఆమె గోడవైపుకు జరుగుతుంది. అక్కడ దుప్పటి జివ్వుమంటుంది. ఆ వైపును ముందుగా వెచ్చబెట్టిపెట్టేవాళ్ళు ఎవరున్నారు గనక!

దుబాయ్ దాటాక వచ్చే ఈ ఫుజైరా కొండల్లో చలంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. "దుబాయ్‌లో సలేందే, ఎడారి గదా!" అని జమ్మలమడుగు నుంచి అత్త అక్తర్ బీ ఫోన్లో నవ్వుతుంది. ఎడారి వేరు, కొండ సందు వేరు. వాళ్ళుండేది మసాఫీ దారిలో, ఒక అరబ్ ముసలాయన పాత ఇంటి వెనక కట్టిన ఒంటి గది. పైన రేకు. వెనక గోడకు ఆనుకునే రాతి కొండ. జనవరిలో పొద్దు వాలిందో లేదో ఆ కొండ చలి గోడలోంచి మంచం దాకా వచ్చేస్తుంది. పట్నంలో బిల్డింగుల్లో ఉండేవాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళు జనవరిలో కూడా పంకా వేసుకుంటారు.

హీటరు లేదా అంటే ఉంది. అక్తర్ బీ విజిట్ వీసా మీద వచ్చిన ఏడాది తల్లి కోసం నబీ రసూల్ కొన్నాడు. ఆమె ఉన్న రెండు నెలలూ గది కమ్మగా ఉండేది. ఆమె విమానం ఎక్కిన రోజే హీటరు మళ్ళీ ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, అట్టపెట్టెలోకి పోయి, బీరువా పైన కూర్చుంది. "కరెంటు తాగేస్తాదే అది. సాక్సులేసుకో, వేన్నీళ్ళు తాగు, పొయ్యి కాడ పని కొంచెం లేటుగా పెట్టుకో, గది దానంతటదే వెచ్చగుంటాది" అంటాడు. చలి కాచుకునే ఉపాయాలు ఆయన దగ్గర బోలెడున్నాయి. ఒక్కదానికీ ఆయన లేచి చెయ్యి కదపనక్కర్లేదు.

బొంత గురించి చెప్పాలి. అది సర్దార్ బీ నాయన అల్లాబకాష్ చేసిచ్చిన బొంత. వాళ్ళది దూదేకుల ఇల్లు. నరం బిగించిన పెద్ద విల్లు భుజాన వేసుకుని, చలికాలం వస్తే ఊరూరా తిరిగి, పాత పరుపుల దూది ఏకి కొత్త పరుపులు కుట్టేవాడాయన. ఎవరింటి వసారాలోనో ఆ విల్లు తుంయ్ తుంయ్ అని మోగుతుంటే, దూది పొరలు పొరలుగా లేచి నేలంతా పరుచుకునేది. పక్కన కూర్చుని చెత్త, గింజలు ఏరే పని సర్దార్ బీది. పదేళ్ళకే కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చెప్పేది, ఇది కొత్త దూది, ఇది రెండుసార్లు ఏకింది, ఇందులో ఎవరో చెత్త దూది కలిపారు అని. "నా బిడ్డ సెయ్యి అబద్ధం సెప్పదు" అని ఆయన కొనుగోలుదార్ల ముందు గొప్పలు పోయేవాడు. పెళ్ళికి బంగారం పెట్టలేక ఈ బొంత పెట్టాడు. ఆర్నెల్లు ఏరి ఏరి తెచ్చిన దూది. ఆమె దాన్ని దుబాయ్ దాకా మోసుకొచ్చింది.

ఇక్కడ యాసీన్ మాస్టర్ లేడీస్ టైలర్ దుకాణంలో పొద్దున పూట అంచులు కుట్టే పనికి పోతుంది. మాస్టర్‌ది నెల్లూరు. ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు మిగిలిన గుడ్డముక్కలతో, కొంచెం దూదితో పసిపిల్లల బొంత ఒకటి కుట్టి దుకాణంలో వేలాడదీసింది. ఒక అరబ్ పెద్దావిడ దాన్ని బుగ్గకు ఆనించుకుని చూసి, తన ముగ్గురు కోడళ్ళకూ కావాలంది. తర్వాత ఆమె చెల్లెలు, ఆ చెల్లెలి పక్కింటివాళ్ళు. రెండు చలికాలాలు సర్దార్ బీకి ఊపిరి తిరగలేదు. పని ఎంతున్నా విసుగు లేదు. మధ్యాహ్నం గదిలో ఒక్కతే కూర్చుని సన్న బెత్తాలు రెండు పట్టుకుని దూది కొడుతూ తనలో తను పాడుకునేది. మొగుడి మాట, అత్త మాట ఏదీ చెవిన పడని ఆ రెండు మూడు గంటలూ ఆమె జీవితంలో బాగున్న గంటలు.

అవి పోయాయి. మూడేళ్ళ కిందట దగ్గు మొదలైంది. ముందు గొంతులో గరగర, తర్వాత పొడి దగ్గు, తర్వాత ఒళ్ళంతా దురద. మెడ కింద, మోచేతుల మడతల్లో ఎర్రగా లేచేది. గీరి గీరి తోలు లేచిపోయేది. నబీ రసూలే క్లినిక్‌కు తీసుకుపోయాడు, ఆ మాట దాచకూడదు. డాక్టరు ఏం పని చేస్తావని అడిగాడు. దూది బొంతలు కుడతానని చెప్పింది. "అయితే రూయీ బంద్" అన్నాడాయన, పెన్నుతో గీత గీసినట్టు. దూది ధూళి పడటం లేదట. మానేస్తే తగ్గుతుందట. నబీ రసూల్ పక్క కుర్చీలో కూర్చుని తలాడించాడు.

ఆ సంగతి విని అక్తర్ బీ ఎంత నవ్విందని! "ఏందేందీ? దూదేకులోల్ల బిడ్డకు దూది పడదంటనా! మన కులంలో పుట్టి ఇదేం సోద్యమే! మీ నాయన ఇంటే ఏమంటాడో!" స్పీకర్ ఫోను. నబీ రసూల్ కూడా నవ్వాడు. ఆ ఒక్కసారి మాత్రం సర్దార్ బీకి నవ్వు రాలేదు. అరబ్ పెద్దావిడ కోడలు మళ్ళీ కడుపుతో ఉందని బొంత అడగడానికి వస్తే, దుకాణం గుమ్మంలో నిలబడి, వచ్చీరాని మాటల్లో, నాకు దూది పడదమ్మా, ఖలాస్, ఇంక కుట్టను అని చెప్పాల్సి వచ్చింది. సొంత బిడ్డ పేరు మరిచిపోయానని చెప్పుకున్నంత సిగ్గేసింది. బెత్తాలు కట్టగట్టి మంచం కిందికి తోసేసింది. నాయన బొంత కూడా అప్పుడే చేతులు మారింది. "నీకు పడదు గదా, నేను కప్పుకుంటాలే" అన్నాడు నబీ రసూల్. ఆమెకు కంపెనీ వాళ్ళిచ్చిన పల్చటి పాలిస్టర్ దుప్పటి మిగిలింది.

దూది మానేసి మూడేళ్ళైనా దగ్గు తగ్గలేదు. చలికాలంలో ఇంకా ఎక్కువ. "లోపలికి పోయిన దూది అంత తొందరగా యాడ పోతాది" అనేవాడు. ఆమె కూడా అలాగే అనుకుంది. రాత్రి ఆయన వైపు వెచ్చబెట్టే ఆ పావుగంట మాత్రం ఆమెకు దూది పడదన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు. బొంత ముక్కు దాకా కప్పుకునేది. ఆ పావుగంటలో ఎన్నడూ దగ్గు రాలేదు. గోడవైపు జరిగిన కాసేపటికి మొదలయ్యేది. ఆ సంగతి ఆమె గమనించింది గానీ, దాని గురించి ఆలోచించే తీరిక దొరకలేదు.

జనవరి మొదటి వారంలో ఉజ్మాకు ఆడపిల్ల పుట్టింది. ఒక్కతే కూతురు. షార్జా రోలాలో ఉంటుంది, అల్లుడు ఫర్దీన్‌కు మొబైల్ దుకాణంలో పని. తొలి కాన్పు, నలభై రోజులు పుట్టింట్లో ఉండాలి. వచ్చే శుక్రవారం తల్లినీ బిడ్డనూ తీసుకొస్తానని ఫర్దీన్ చెప్పాడు. సర్దార్ బీకి కాలు నిలవలేదు. వాము, మిరియాలు, నల్లబెల్లం అన్నీ తెచ్చుకుంది. ఒక్క చలి సంగతే బెంగ. రెండున్నర కిలోల పసిది ఈ కొండ గదిలో ఎట్లా పడుకుంటుంది?

"ఏమయ్యా, ఆ హీటరు దించు. బిడ్డొస్తాంది" అంది.

"నలభై దినాలు రాత్రీ పగలూ హీటరా? ముసిలోడు కరెంటు పీకేస్తాడు" అన్నాడు నబీ రసూల్. "బొంత కుట్టు. నీకొచ్చిన పనే గదా."

"నాకు దూది పడదు గదా."

"అరె, దూది ఎవురు తెమ్మన్నారు? కంపెనీ దూది తెస్తా. ఏసీ డక్టులకు చుట్టేది. సలి, వేడి రెండూ ఆపుతాది. దాన్ని పెట్టి కుడితే బిడ్డ కమ్మగా పండుకుంటాది. మీ నాయన దూది దాని ముందర ఎందుకు పనికొస్తాది?"

రెండు రోజుల తర్వాత కంపెనీ పికప్‌లో బస్తా వచ్చింది. నబీ రసూల్ దాన్ని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని తెచ్చి మూలన పెట్టాడు. చేతులకున్న గ్లౌజులు తీసి, వాటిని బకెట్లో పడేశాడు. ప్రతి శుక్రవారం యూనిఫాంతో పాటు ఆ గ్లౌజులు ఉతికేది ఆమే. ఉతికిన రోజు చేతులు మండేవి. సబ్బు పడటంలేదేమో అనుకునేది.

మర్నాడు పొద్దున ఆయన పోయాక బస్తా మూతి విప్పింది. పసుపు పచ్చటి దూది. చూడ్డానికి మెత్తగా, తేలిగ్గా, ఎంతో ముచ్చటగా ఉంది. చెయ్యి పెట్టింది. పెట్టిన చేతిని పెట్టినట్టే వెనక్కి లాక్కుంది. అల్లాబకాష్ కూతురి చెయ్యి అది, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది చెట్టున కాసింది కాదు. వేళ్ళ సందుల్లో సన్నగా ఏదో గుచ్చుకుంది, కాసేపటికి మణికట్టు దాకా దురద పాకింది. ఆ దురద ఆమెకు కొత్త కాదు. మూడేళ్ళుగా రోజూ మెడ మీద, మోచేతుల్లో మోస్తున్న దురదే. దాన్ని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది.

చిటికెడు తీసి కాగితంలో మడిచి దుకాణానికి తీసుకుపోయింది. యాసీన్ మాస్టర్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

"అరె సర్దారక్కా, ముట్టుకోబాకండి! ఇది గాజు. గాజును కరిగించి దారాలు తీస్తారు. ఏసీ మెకానిక్కులు గ్లౌజులు, మాస్కు లేకుండా దీని దగ్గరికే పోరు. ఎక్కడిది మీకు?"

"బిడ్డకు బొంత కుడదామని."

యాసీన్ మాస్టర్ కత్తెర కింద పెట్టేశాడు. "ఇంటికి పోండి అక్కా, ఈ రోజు నేను చూసుకుంటా" అన్నాడు.

ఇంటికి వచ్చి నేరుగా మంచం దగ్గరికి పోయింది. మూడేళ్ళ కిందట, తన వైపు గోడ మరీ చల్లగా ఉందని పదిసార్లు అడిగితే, నబీ రసూల్ ఒకనాడు తెల్లటి మందపాటి గుడ్డలో కుట్టిన పొడుగాటి మెత్త ఒకటి తెచ్చాడు. సగం ఆమె పరుపు మీద పరిచి, సగం గోడకు మడిచి మేకులు కొట్టాడు. "కంపెనీలో ఊరికే దొరికింది. ఒక్కటే ఉన్నింది, నువ్వే ఏసుకో" అన్నాడు. ఎంత సంబరపడిందో! తనకు లేకుండా పెళ్ళానికి ఇచ్చాడని పక్కింటి మలయాళీ ఆవిడకు పిలిచి మరీ చూపించింది. ఆ గుడ్డ ఇప్పుడు పలచబడిపోయి ఉంది. కత్తెర పెట్టి అంచు విప్పింది. లోపల పసుపు పచ్చగా ఉంది.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. ఎంతసేపు కూర్చుందో తెలియదు, మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించేదాకా. మూడేళ్ళు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. రాసుకున్న పూతమందులు, మింగిన మాత్రలు, గుమ్మంలో అరబ్ పెద్దావిడకు చెప్పిన ఆ మాట, అక్తర్ బీ నవ్వు. మూడేళ్ళు తన చేతుల్ని తనే అనుమానించింది. నాయన ఇచ్చిన ఒకే ఒక్క ఆస్తి తన ఒంటికే పగబట్టిందని నమ్మింది. నాయన పోయినప్పుడు ఊరికి పోయి, ఆ విల్లును చూసి కూడా ముట్టుకోలేదు, దగ్గొస్తుందని. తమ్ముడు దాన్ని ఎవరికో ఇచ్చేస్తానంటే ఊరుకుంది. దూది ఏ పాపం చేసింది! ఏ పాపమూ ఎరగని దూదిని ఇంట్లోంచి పంపించి, గాజును కౌగిలించుకుని పడుకుంది. ఏడుపు రాలేదు.

ఆయనకు తెలుసా? ఆ ఒక్క మాట దగ్గరే మనసు పట్టుకుపోయింది. తెలిసి ఉండదులే. మగవాళ్ళు అన్నీ ఆలోచించి చేస్తారా ఏమిటి? ఊరికే దొరికిందని తెచ్చుంటాడు. గుడ్డలో కుట్టి ఉంది కదా, ఏం కాదనుకుని ఉంటాడు. కానీ గ్లౌజులు? పదిహేనేళ్ళుగా డక్టుల పని చేస్తున్నవాడికి అది ఒంటికి తగిలితే ఏమవుతుందో తెలియదా? సరే, తెలుసు. అది తెలిసినా, ఇంట్లో దురద ఇందువల్లేనని తట్టకపోయి ఉండొచ్చు. డాక్టరు దూది అన్నాడు, ఆయనా నమ్మాడు. అంతే అయివుంటుంది. మొగుడి తరఫున ఆమే వకీలై వాదించింది. వాదించేకొద్దీ ఒక్కటే కోరుకుంది. ఆయనకు తెలియకపోవాలి. తెలియకపోతే ఈ కాపురం చేయొచ్చు.

తర్వాత లేచి, ఆయన వైపు ఉన్న నాయన బొంతను ఒళ్ళోకి తీసుకుంది. అంచు కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. దూది ఉండలు కట్టి, పాతబడి, కొంచెం పసుపు రంగు తిరిగి ఉంది. గుప్పెడు తీసి, భయపడుతూనే, ముక్కుకు ఆనించుకుంది. గట్టిగా లోపలికి పీల్చింది. దగ్గు కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకో గుప్పెడు తీసింది. ముఖమంతా అందులో పెట్టేసి పీల్చింది. దగ్గు లేదు, దురద లేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. "నాయనా, నాకు పడుతుంది నాయనా" అని గట్టిగా, వినేవాళ్ళెవరూ లేని ఆ గదిలో, చిన్నపిల్లలా చెప్పుకుని ఏడ్చింది.

మెత్తను ఊడబీకి, బస్తాతో సహా బయట గేటు పక్కన పెట్టింది. మంచం కింది నుంచి బెత్తాలు లాగింది. సాయంత్రం నబీ రసూల్ వచ్చేసరికి గది నిండా దూది లేచి ఉంది. ఆమె తలంతా తెల్లగా ఉంది.

"నా బొంత యాడే?"

"విప్పినా. బిడ్డకు కుడతాండా."

"నీకు దూది పడదు గదే!"

"పడుతుంది."

ఆయన మంచం వైపు చూశాడు. గోడ మీద మేకుల రంధ్రాలు మిగిలాయి. బయట గేటు దగ్గర ఉన్నదాన్ని వచ్చేటప్పుడే చూసుంటాడు. "దాన్నేంటికి తీసినావు? బాగానే ఉండె గదా" అన్నాడు, షూ విప్పుకుంటూ. ఆ మాట అడిగేటప్పుడు ఆమె మొహం వైపు చూడలేదు. నీకు తెలుసా అనే మాట సర్దార్ బీ నాలుక దాకా వచ్చింది. అక్కడే ఆగింది. అడిగితే జవాబొస్తుంది. ఆ జవాబును ఏం చేసుకోవాలో ఆమెకు ఇంకా తెలియదు.

"ఉజ్మాను ఈ గదికి రావద్దని చెప్పినా. నేనే పోతాండా షార్జాకు" అంది.

"నువ్వు పోయేదేంది? నలభై దినాలా? నా అన్నం, నా క్యారియరూ?"

"కంపెనీ మెస్ ఉండాది గదా."

అంత మాట ఆమె నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆయన తల్లికి ఫోను చేశాడు. అక్తర్ బీ ఆ చివర్నుంచి అరిచింది, మొగుణ్ణి చలికి వదిలేసి పోయే ఆడది యాడన్నా ఉంటాదా అని. సర్దార్ బీ వింటూనే దూది ఏకుతూ కూర్చుంది. శుక్రవారం పొద్దున చిన్న బొంత భుజాన వేసుకుని షార్జా బస్సెక్కింది.

రోలాలో ఉజ్మా వాళ్ళది హాలును ప్లైవుడ్డుతో రెండు చేసిన ఫ్లాటు. అవతలి సగంలో ఇంకో కుటుంబం. నిలబడితే చేతులు చాపే చోటు లేదు. కొండ గాలి మాత్రం లేదు. పసిదానికి నూనె పట్టించి, వేన్నీళ్ళు పోసి, బొంతలో చుట్టి పడుకోబెడితే, కాసేపట్లోనే దాని ముక్కు మీద సన్నటి చెమట పట్టింది. సర్దార్ బీ మంచం పక్కన నేల మీద చాప వేసుకుని పడుకుంది. నాలుగో రోజుకు మెడ మీది ఎరుపు పోయింది. వారానికి మోచేతుల్లో కొత్త తోలు వచ్చింది.

"అమ్మా, నీ దగ్గు యాడికి పోయింది?" అని అడిగింది ఉజ్మా.

"ఇంటికాడ ఇడిసిపెట్టి వచ్చినా."

ఉజ్మా నవ్వింది గానీ, తల్లి వైపు కొంచెంసేపు చూసి, నవ్వు ఆపేసింది. చిన్నప్పటి నుంచి అమ్మను చూస్తున్న పిల్ల. "ఏమైందమ్మా?" అంది. సర్దార్ బీ అంతా చెప్పింది. ఒక్క మాట తప్ప, నీ నాయనకు తెలుసో లేదో అన్న మాట తప్ప. ఉజ్మా ఆ మాటే అడిగింది. "నాయనకు తెలుసునా?" సర్దార్ బీ పసిదాని కాళ్ళు నిమురుతూ కూర్చుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నబీ రసూల్ ఫోన్ చేశాడు. గొంతు మెత్తగా ఉంది. అంత మెత్తటి గొంతు విని ఎన్నేళ్ళైందో. "ఆ మెత్త పారేసినా. నీకు కొత్త పరుపు తెచ్చినా, షాపులో కొన్నదే. హీటరు గూడా దించినా, గది ఎట్లుండాదనుకున్నావు, అరచేతిలో పెట్టుకున్నట్టుండాది. ఉజ్మాను, బిడ్డను గూడా తీసుకొని వచ్చెయ్. చాల్లే ఆ ఇరుకు."

సర్దార్ బీ మెత్తబడింది. అది కూడా దాచకూడదు. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి. తను కుట్టిన చొక్కాలే తొడుక్కునే మనిషి. పరుపు కొన్నాడంటే పశ్చాత్తాపమే కదా, నోటితో చెప్పడం రాక చేతితో చెప్తున్నాడేమో. పోదామనే అనుకుంది. పోయే ముందు ఒక్క మాట అడుగుదామనుకుంది. తెలీదు అంటే చాలు. అబద్ధమైనా చాలు. తెలీదే, నా మీద ఒట్టు, అంటే నమ్మేస్తుంది. నమ్మడానికి పూర్తిగా సిద్ధపడి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని అడిగింది.

"ఏమయ్యా, ఆ పొద్దు డాక్టరు దూది పడటంలేదు అన్నెప్పుడు నువ్వు నా పక్కనే కూచోనుంటివి గదా. అది దూది వల్ల కాదని నీకు తెలుసునా?"

"తెలుసులే" అన్నాడు నబీ రసూల్. తడుముకోలేదు. "కంపెనీలో అందరికీ అట్లనే అయితాది, రెండు దినాలు దురద పెడతాది, అలవాటైతాది. సెప్తే తీసేయమంటావు, మళ్ళీ గోడ సల్లగుందని హీటరు అడుగుతావు. అందుకే సెప్పలే. ఇప్పుడు తీసేసినా గదా, ఇంకేంది? వచ్చెయ్, హీటరేసినా పక్క సల్లగనే ఉండాది, నాకు ఈడ సలికి నిద్ర పట్టడంలే."

ఆయనకు తెలిసినందుకు కాదు ఆమెకు అంత నొప్పి. అబద్ధం చెప్పాలని కూడా ఆయనకు అనిపించలేదు. దాచుకోవాల్సినంత తప్పేదో చేశానని కూడా అనిపించలేదు. మూడేళ్ళు ఆమె దగ్గుతుంటే పక్కనే వెచ్చగా పడుకుని, తెలిసి, ఊరుకుని, ఇప్పుడు కూర ధర చెప్పినట్టు చెప్పేశాడు. ఆమె ఫోను పెట్టేసింది.

పసిది నిద్రలో కదిలి, బొంత తన్నేసింది. సర్దార్ బీ దాన్ని మళ్ళీ కప్పింది.

"ఎవురమ్మా, నాయననా? ఏమంటాడు?" అడిగింది ఉజ్మా.

"సలిగా ఉందంట."

"పోతావా మరి?"

"పోను" అంది సర్దార్ బీ.